ఫిట్‌నెస్‌లో ‘సస్పెన్షన్ ఫెయిల్’: గుంతలు ఎవరివి, బిల్లు ఎవరిది?

పొద్దున ఎనిమిదికే ఆర్టీఏ ఆఫీసు ముందు పసుపు ప్లేటు బండ్లు వరుస కడతాయి. కడిగి తుడిచిన క్యాబ్‌లు, కొత్త రంగేసిన ఆటోలు, రేడియం స్టిక్కర్లు మెరిసే ట్రాలీలు. ఫిట్‌నెస్ రోజు డ్రైవర్‌కు పెళ్లిచూపుల రోజులాంటిది. పైకి కనిపించేదంతా బాగుంటుంది. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఎదురుగానే ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ కిందికి వంగి ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపినప్పుడు మాత్రం డ్రైవర్ ఊపిరి బిగపడతాడు. చక్రం ‘టక్’ మందంటే అంతే సంగతి. ‘సస్పెన్షన్ బాగా లేదు, చేయించుకుని రా’ అనే ఒక్క మాటతో బండి పక్కకు వెళ్లిపోతుంది.

ఆ మాట వెనుక ఎంత లెక్క ఉందో బండి నడుపుకుని బతికేవాళ్లకే తెలుసు. ఆ రోజు కిరాయి పోయింది. రిపేరుకు ఇంకో రోజో రెండు రోజులో పోతాయి. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. ఫిట్‌నెస్ గడువు దాటితే యాప్‌లో ఐడీ ఆగిపోతుంది. గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు ఫీజు పడుతుందని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఈ 50 రూపాయల మీదే 2022 మే 19న హైదరాబాద్‌లో ఆటో, క్యాబ్, లారీ యూనియన్లు బంద్ చేశాయి. అప్పటి కోపం జరిమానా మీద. బండి ఫెయిల్ ఎందుకైంది, ఫెయిలైనప్పుడు డ్రైవర్‌కు ఉన్న హక్కు ఏమిటి అన్న ప్రశ్నలు అప్పుడూ ముందుకు రాలేదు, ఇప్పుడూ పెద్దగా రావడం లేదు.

2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయింది. నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. వీటిలో దేనికీ సస్పెన్షన్ కారణమని ఎవరూ అనలేదు. కానీ ఆ రెండు ఘటనల తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ రోడ్ల మీద తనిఖీలు పెరిగాయి, ఫిట్‌నెస్ అనే మాట వార్తల్లోకి వచ్చింది. పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఇంతే. నాలుగు వారాలు హడావుడి, తర్వాత మామూలే. ఆ నాలుగు వారాల్లో దొరికేవాడు ఎక్కువగా చిన్న బండివాడే.

చట్టం ఏమంటుందో ముందు చూడాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి సరైన రిజిస్ట్రేషన్ ఉన్నట్టు లెక్క కాదు. అంటే ఎఫ్‌సీ గడువు దాటిన క్యాబ్ చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని బండితో సమానం. పట్టుబడితే మొదటిసారికి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా. అదే సమయంలో ప్రమాదం జరిగితే క్లెయిమ్ ఎగ్గొట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక సాకు దొరికినట్టే. కొత్త బండికి రెండేళ్ల దాకా, తర్వాత ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఎనిమిది దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించుకోవాలి.

అదే 56వ సెక్షన్‌లో ఇంకో ముక్క కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. సర్టిఫికెట్ ఇవ్వడానికి నిరాకరిస్తే, ఎందుకు నిరాకరించారో ఆ కారణాలను యజమానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘ఇవ్వవచ్చు’ కాదు, ‘ఇవ్వాలి’. కానీ చాలాచోట్ల జరిగేది నోటిమాట వ్యవహారమే. ‘సస్పెన్షన్’ అన్న ఒక్క పదం తప్ప డ్రైవర్ చేతికి ఏమీ రాదు. ఆ ఒక్క పదం పట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్తే, ‘సార్, నా ఆరోగ్యం బాగా లేదట’ అని మందుల షాపుకు వెళ్లినట్టే. షాపులో ఏ మందు ఉంటే అది ఇస్తారు.

ఎందుకంటే సస్పెన్షన్ ఒక వస్తువు కాదు. బండి బరువును మోసే కాయిల్ స్ప్రింగ్, ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపే షాక్ అబ్జార్బర్, చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, ఆర్మ్ చివర తిరిగే బాల్ జాయింట్, మధ్యలో దెబ్బను మింగే రబ్బరు బుష్‌లు, మలుపులో బండి పక్కకు వంగకుండా చూసే స్టెబిలైజర్ బార్, దానికి లింక్ రాడ్‌లు. ఇవన్నీ కలిస్తే ముందు చక్రం దగ్గర ఒక వైపు సంసారం. ఇందులో కొన్ని వందల రూపాయలతో పోయేవి ఉన్నాయి, వేలకు వేలు తినేవీ ఉన్నాయి. బుష్ అరిగిన బండికి షాకర్లు మార్చేస్తే డబ్బు పోతుంది, శబ్దం మిగులుతుంది. మళ్లీ టెస్టుకు వెళ్తే మళ్లీ ఫెయిల్.

చక్రం ఊగినంత మాత్రాన తప్పు సస్పెన్షన్‌దే అని కూడా కాదు. బండిని జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందంటే బాల్ జాయింట్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. ఒకరు లోపల కూర్చుని బ్రేక్ తొక్కి పట్టుకోవాలి. కదలిక ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే జాయింట్. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే కదలిక వస్తే అది టై రాడ్ వైపు, అంటే స్టీరింగ్ సంగతి. పాతకాలం మెకానిక్‌లకు ఇదంతా చేతి గుర్తు. పాతబస్తీ గల్లీల్లో ఏ ఉస్తాద్ అయినా రెండు నిమిషాల్లో తేల్చి చెబుతాడు. అరిగిన షాకర్‌ను గుర్తు పట్టడానికీ ఓ పద్ధతి ఉంది. బానెట్ మూలను బలంగా నొక్కి వదిలితే బండి ఒకసారి లేచి నిలబడాలి. ఉయ్యాలలా రెండు మూడు సార్లు ఊగిందంటే షాకర్ పని అయిపోయినట్టే. షాకర్ గొట్టం మీద ఆయిల్ కారి దుమ్ము అట్టకట్టినా అంతే. టైరు ఒకచోట ఎక్కువగా, ఇంకోచోట తక్కువగా గుంటలు పడి అరిగితే అదీ ఒక గుర్తే.

ఇంతకీ ఇది అంత పెద్ద తప్పా? బండి నడుస్తోంది, బ్రేక్ పడుతోంది, కాస్త ఖడఖడమంటోంది, అంతే కదా అని చాలామంది అంటారు. ఇక్కడ మాత్రం ఇన్‌స్పెక్టర్ మాటే సరైంది. షాక్ అబ్జార్బర్ ప్యాసింజర్ నడుం నొప్పి కోసం పెట్టింది కాదు. దాని అసలు పని టైరును రోడ్డుకు అతికించి ఉంచడం. అది అరిగితే గతుకుల మీద టైరు గాల్లోకి లేస్తూ ఉంటుంది. గాల్లో ఉన్న టైరుకు ఎంత మంచి బ్రేక్ ఉన్నా ఏం లాభం? వానలో, ఫ్లైఓవర్ మలుపులో, ఓఆర్ఆర్ మీద వేగంలో అది బయటపడుతుంది. బాల్ జాయింట్ సంగతి ఇంకా ఘోరం. పూర్తిగా ఊడిందంటే ముందు చక్రం అడ్డంగా తిరిగి బండి కింద ముడుచుకుంటుంది. రోడ్డు పక్కన అలా కూలబడ్డ కార్లను నగరంలో చూడనివారు తక్కువ. అవి మెల్లగా వెళ్తున్నప్పుడు కూలాయి కాబట్టి సరిపోయింది.

కాబట్టి పరీక్ష ఉండాలి, కఠినంగా ఉండాలి. అసలు వివాదం ఎక్కడంటే, ఆ సస్పెన్షన్‌ను పాడుచేసింది ఎవరు, దానికి డబ్బు కడుతున్నది ఎవరు అన్న దగ్గర.

స్పీడ్ బ్రేకర్ సంగతే చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం, ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే గుట్టలాంటిది. మన బస్తీల్లో ఉన్నవి ఏవి? ఎవరో రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టిన గోడలు. ఒక్క కిలోమీటరులో నాలుగైదు. వాటికి రంగు ఉండదు, బోర్డు ఉండదు. పైపులైను కోసం తవ్వి సరిగ్గా పూడ్చని కందకాలు, రోడ్డుకంటే జానెడు కిందికో పైకో ఉండే మ్యాన్‌హోల్ మూతలు, వాన పడ్డాక నీళ్లకింద దాక్కున్న గుంతలు వీటికి అదనం. రోజుకు పది పన్నెండు గంటలు తిరిగే క్యాబ్ ఈ దెబ్బలన్నీ తింటుంది. అదే కారును ఇంట్లో వాడుకునేవాళ్లకు ఐదారేళ్లు వచ్చే బుష్‌లు క్యాబ్‌కు రెండేళ్లు కూడా రాకపోవడానికి కారణం అదే.

గుంతల మీద దేశంలో చర్చ లేదని కాదు. 2013 నుంచి 2017 వరకు ఐదేళ్లలో గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి, ఇది ఒప్పుకోదగింది కాదని 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అంది. 2025 అక్టోబర్‌లో బాంబే హైకోర్టు ఇంకో అడుగు వేసి, గుంతల వల్ల చనిపోయినవారి కుటుంబానికి 6 లక్షలు, గాయపడినవారికి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2019లో చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ కూడా ఉంది. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించని అధికారికో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల వరకు జరిమానా. అయితే అది మరణమో అంగవైకల్యమో సంభవిస్తేనే. మనిషి పోతేనో, కాలో చెయ్యో పోతేనో చట్టం కదులుతుంది. లోయర్ ఆర్మ్ వంగితే కదలదు.

ఇన్సూరెన్స్ కదులుతుందా అంటే అదీ లేదు. మోటార్ పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ వర్తించవని రాసి ఉంటుంది. రోజూ కొంచెం కొంచెంగా గుంతలు తినేసిన సస్పెన్షన్ ‘అరుగుదల’ కిందికే వస్తుంది. రోడ్డు ట్యాక్స్ కట్టింది డ్రైవరే, ఆ రోడ్డు చెడగొట్టిన బండికి రిపేరు బిల్లు కట్టేది డ్రైవరే, బండి చెడినందుకు లేట్ ఫీజు కట్టేది కూడా డ్రైవరే.

ఇలా రెండేళ్లకోసారో ఏడాదికోసారో పరీక్షకు నిలబడేది పసుపు ప్లేటు ఒక్కటే. తెల్ల ప్లేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ పదిహేనేళ్లలో దాని కింద ఏముందో చూసే ప్రభుత్వ పరీక్ష ఏదీ లేదు. పదమూడేళ్ల పాత ఎస్‌యూవీ అరిగిన షాకర్లతో గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఓఆర్ఆర్ మీద పోవచ్చు, ఎవరూ ఆపరు. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో చేతులు మారే కార్లకూ అంతే. కాగితాలు చూస్తారు, కారు కింద ఎవరూ చూడరు. క్యాబ్ ఎక్కువ తిరుగుతుంది, జనాన్ని మోస్తుంది కాబట్టి దానికి తరచూ పరీక్ష ఉండాలన్న వాదనలో న్యాయముంది. రెండో దానికి అసలు పరీక్షే లేకపోవడంలో ఏ న్యాయమూ లేదు.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. సౌదీలో ‘ఫహస్’ అంటే తెలియని హైదరాబాదీ డ్రైవర్ ఉండడు. అక్కడ సొంత కారైనా కొత్తది కొన్న మూడేళ్లకు పరీక్షకు వెళ్లాల్సిందే, తర్వాత ఏటా. కారు లైన్‌లో మెషీన్ల మీదుగా వెళ్తుంది, చివర్లో చేతికి ఒక కాగితం వస్తుంది. ఏది పాస్, ఏది ఫెయిల్ అన్నది దాని మీద ఉంటుంది. ఫెయిలైన ముక్క బాగుచేయించుకుని గడువులోపు వస్తే తక్కువ ఫీజుతో మళ్లీ చూస్తారు. బ్రిటన్‌లోని ఎంఓటీ పరీక్షలో 2018 మే నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీస్తున్నారు. బాల్ జాయింట్ ఊడిపోయేలా ఉంటే డేంజరస్, బండి అక్కడి నుంచి కదలకూడదు. షాకర్ నుంచి ఆయిల్ బాగా కారుతుంటే మేజర్, ఫెయిల్. చిన్న లోపమైతే కాగితం మీద రాసి, పాస్ చేసి పంపుతారు. తర్వాత చూసుకోవాల్సినవి సలహా కింద వేరుగా రాస్తారు. మన దగ్గర రేపో మాపో ఊడే జాయింట్‌కూ, ఇంకో ఆరు నెలలు నడిచే బుష్‌కూ ఒకటే మాట: ఫెయిల్. లేదా, ఏజెంట్ బాగుంటే, రెండింటికీ ఒకటే మాట: పాస్.

ఏజెంట్ ప్రస్తావన లేకుండా ఈ కథ పూర్తి కాదు. కంటి చూపు మీద, చేతి ఊపు మీద ఆధారపడే పరీక్షలో విచక్షణ ఎక్కువ. విచక్షణ ఉన్నచోట మధ్యవర్తి పుడతాడు. ఫిట్‌నెస్ రోజుకు మంచి టైర్లు, ఫైర్ సిలిండర్ కిరాయికి తెచ్చి బిగించి, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయడం పాత ముచ్చటే. షాకర్లు అలా తేలేరు కాబట్టి అక్కడ బేరం ఇంకో రూపంలో జరుగుతుంది. రిపేరుకు ఎనిమిది వేలయ్యే చోట దానిలో నాలుగో వంతుతో పని జరుగుతుందంటే, ఇంట్లో ఫీజు కట్టాల్సిన పిల్లలున్న మనిషి ఏ దారి పడతాడో ఊహించడం కష్టం కాదు. అతన్ని తప్పు పట్టడం తేలిక. కానీ ఆ బాల్ జాయింట్ అలాగే ఉంటుంది, రేపు వెనుక సీట్లో కూర్చునేది ఇంకెవరో.

దీనికి మందుగా కేంద్రం తెచ్చింది ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు. 2021 సెప్టెంబర్‌లో నిబంధనలు వచ్చాయి. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి, తేలికపాటి ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకు 2024 జూన్ 1 నుంచి అక్కడే పరీక్ష తప్పనిసరి అన్నారు, తర్వాత గడువు 2024 అక్టోబర్ 1కి జరిపారు. స్టేషన్లు లేనిచోట పాత పద్ధతే నడుస్తూ వచ్చింది. ఈ స్టేషన్లను ప్రైవేటు కంపెనీలూ నడపవచ్చు. అయితే వాళ్లు పరీక్ష మాత్రమే చేయాలి, రిపేర్లు చేయకూడదు, స్పేర్ పార్టులు అమ్మకూడదు. ఈ షరతు మంచిది. ఫెయిల్ చేసేవాడే పార్టులు అమ్మితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

మెషీన్ వస్తే ఏజెంట్ పోతాడా? కొంత. కానీ మెషీన్‌కూ దాని పరిమితులున్నాయి. ప్రపంచంలో ఎక్కువగా వాడే సస్పెన్షన్ టెస్టర్‌లో చక్రం ఒక పళ్లెం మీద నిలబడుతుంది, ఆ పళ్లెం సెకనుకు 25 సార్ల వరకు కంపిస్తుంది. కదలకుండా ఉన్నప్పుడు చక్రం మోపే బరువుతో పోలిస్తే, కంపనంలో అది అతి తక్కువగా ఎంత మోపిందో శాతంలో చూపిస్తుంది. 300 కిలోలు మోపే చక్రం ఊపులో 150కి పడిపోతే 50 శాతం. మామూలు లెక్కలో 20 లోపు అయితే బాగా పాడైనట్టు, 40 లోపు అయితే బలహీనం, 60 దాటితే బాగున్నట్టు. అయితే టైరులో గాలి ఎక్కువుంటే అంకె తగ్గుతుంది. వెనుక వైపు తేలికగా ఉండే చిన్న కార్లకు షాకర్లు మంచివైనా అంకె తక్కువే వస్తుంది. మన నగరాల్లో క్యాబ్‌లుగా తిరిగేవి ఎక్కువగా ఆ చిన్న కార్లే. ‘సార్, గాలి సరిచేసి ఇంకోసారి చూడండి’ అని అడగడానికి ముందు డ్రైవర్‌కు ఈ విషయం తెలియాలి కదా.

సీఎన్‌జీ బండ్ల కథ వేరే. 60 లీటర్ల ఇనుప సిలిండర్ బరువే అర క్వింటాలు దాటుతుంది, అది ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుంది. దాని మీద ఎయిర్‌పోర్టు సూట్‌కేసులు, వెనుక ముగ్గురు. వెనుక స్ప్రింగులు కూలబడతాయి. చాలామంది స్ప్రింగ్ మధ్యలో రబ్బరు బఫర్లు దూర్చి బండిని లేపుతారు. చూడటానికి ఎత్తుగా కనిపిస్తుంది, కానీ స్ప్రింగ్ పని చేయాల్సిన చుట్లు కట్టేసినట్టవుతుంది. ఆ దెబ్బంతా షాకర్ మౌంట్ మీద, బాడీ మీద పడుతుంది. ఆ బఫర్లు ఇన్‌స్పెక్టర్ కంట పడితే ఇంకో ప్రశ్న. సరైన దారి కంపెనీ చెప్పిన కొత్త స్ప్రింగులు వేయించడమే, అది ఖర్చే అయినా.

మరి ఫెయిల్ అన్న మాట వినపడగానే డ్రైవర్ ఏం చేయాలి? మొదటిది, కారణం కాగితం మీద అడగాలి. ఏ చక్రం, ఏ భాగం, ఎందుకు. టెస్టింగ్ స్టేషన్ అయితే రిపోర్టు ఇస్తుంది, అందులో అంకెలు ఉంటాయి, అది జాగ్రత్త చేసుకోవాలి. రెండోది, అదే రోజు ఆవేశంలో మొత్తం సస్పెన్షన్ కిట్ కొనేయకూడదు. బండిని ఎత్తించి, చెడిన ముక్కను కళ్లతో చూసి అప్పుడు కొనాలి. షాకర్ అయితే ఒక్కటే మార్చడం దండగ. ‘ఉస్తాద్, ఒక్క సైడే మారిస్తే సరిపోదా?’ అని అడిగే ప్రతి డ్రైవర్‌కూ గల్లీ మెకానిక్ చెప్పే జవాబు ఒకటే: ‘ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి అరిగిన చెప్పు ఏసుకుని ఉరుకుతవా భాయ్?’ ఒకే యాక్సిల్ మీద జోడీగా మార్చాలి. ఆర్మ్, జాయింట్, స్ట్రట్ ఏది విప్పినా తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు, లేకపోతే కొత్త టైర్లు నెలల్లోనే ఒకవైపు అరిగిపోతాయి. పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల్లో ఒకే పార్టు మూడు ధరల్లో దొరుకుతుంది. కంపెనీ డబ్బాలో ఉన్నదంతా కంపెనీది కాదు. బిల్లు తీసుకుంటే మళ్లీ టెస్టుకు వెళ్లినప్పుడు చూపించడానికి ఉంటుంది, పార్టు పోతే దుకాణదారును అడగడానికీ ఉంటుంది.

రాతపూర్వక కారణంలో ఒక మెలిక ఉంది, అదీ తెలియాలి. లోపం ఉందని తెలిసీ బండి రోడ్డు మీదికి తెస్తే 190వ సెక్షన్ కింద 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. కాగితం చేతికొచ్చిన క్షణం నుంచి ‘నాకు తెలియదు’ అనడానికి వీల్లేదు. అందుకే చాలామంది కాగితం అడగకపోవడమే మేలనుకుంటారు. అది పొరపాటు లెక్క. కాగితం లేకపోతే రేపు పైఅధికారికి అప్పీలు చేయడానికి ఆధారం ఉండదు, మళ్లీ టెస్టులో ఇంకో కొత్త వంక పెడితే నిలదీయడానికీ ఉండదు. గ్యారేజీకి తప్ప ఇంకెక్కడికీ ఆ బండిని తిప్పకపోవడమే ఉన్న ఒకే దారి. ఎఫ్‌సీ గడువుకు నెల ముందే మెకానిక్ దగ్గర ఎత్తించి చూసుకుంటే ఈ ఇరకాటం సగం తప్పుతుంది.

ఖర్చు ఇంకా పెరిగే దిశలోనే ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన టాక్సీకి ఫిట్‌నెస్ ఫీజు వెయ్యి నుంచి 7,000కు పెంచారు. 2025 నవంబర్‌లో మళ్లీ సవరించి, పదేళ్లు దాటిన బండ్ల నుంచే ఎక్కువ ఫీజు వసూలు చేసేలా మార్చారు. ఫీజు పెంచేటప్పుడు బండి వయసు చూశారు. ఆ బండి ఏ రోడ్ల మీద తిరిగి ముసలిదైందో లెక్కలోకి తీసుకోలేదు. ఫిట్‌నెస్ ఫీజుల్లో కొంత భాగమైనా రోడ్ల మరమ్మతుకు కేటాయించాలని, రిపేరు కోసం ఆగిన రోజులకు 50 రూపాయల లేట్ ఫీజు వేయకూడదని, తెల్ల ప్లేటు కార్లకూ ఐదేళ్లకో ఏడేళ్లకో ఒకసారి పరీక్ష పెట్టాలని డ్రైవర్ల సంఘాలు అడగడానికి ఇది సరైన సమయం. ఇప్పటిదాకా వాళ్ల డిమాండ్ల పత్రాల్లో జరిమానా తగ్గించమన్న మాటే ఎక్కువగా కనిపించింది. రాతపూర్వక కారణం ఇవ్వమన్న మాటకు మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. కౌంటర్ దగ్గర ఒక్కొక్కరుగా అడగడం మొదలుపెడితే చాలు.